చీరాల–పేరాల సమరసారథి ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

1921వ సంవత్సరము ఏప్రిల్ మాసము చివర గుంటూరు మండలమందలి చీరాల, పేరాల గ్రామములు ఖాళీ అయినవి. మహమ్మారి సోకలేదు, ఉప్పెన రాలేదు, శత్రుసేన పైబడలేదు. పదునైదు వేల పైచిలుకు జనసంఖ్య గల ఆ జంటగ్రామములలో పదమూడు వేలమందికి మించి తమంత తాముగా ఇండ్లకు తాళములు వేసి, వంటపాత్రలను, పసిబిడ్డలను, పాడిపశువులను వెంటబెట్టుకొని ఊరి పొలిమేర దాటిపోయిరి. ఎండలు ముదురుచున్న దినములవి. పొలిమేర కావల ఇసుక నేలలో తాటాకు పాకలు వేసికొని పదునొకండు నెలలు అచ్చటనే కాపురముండిరి. వారిని ఈ పనికి పురికొల్పి ముందు నడచిన నాయకునకు నాటికి ముప్పదిరెండేండ్లు నిండలేదు. ఆయనయే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలులో జన్మించిరి. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. బిడ్డ పుట్టిన మూడవనాడే తల్లి గతించెను. మూడవ యేట తండ్రియు పోయెను. నాయనమ్మ, పినతండ్రి ఆ పిల్లవానిని పెంచి పెద్దచేసిరి. గుంటూరులో చదువుకొను దినములలోనే ఆయనకు పాటయందును నాటకమందును మక్కువ మెండు. తోడివారిని చేర్చుకొని నాట్యమండలి నొకదానిని నడపిరి. పాఠ్యపుస్తకములపై ఆయనకు అంత ప్రీతి యున్నట్లు కానరాదు. చదువు ముగిసిన పిదప బాపట్ల తాలూకా కచ్చేరిలో ఒక యేడు గుమాస్తాగిరి చేసిరి. సర్కారు కొలువు, నెల తిరుగగానే జీతము, పెద్దల మన్నన. ఇవి చాలునని తృప్తిపడెడి స్వభావము ఆయనది కాదు. తనకున్న కొద్దిపాటి ఆస్తిని అమ్మి, మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితో కలిసి 1911లో స్కాట్లండుకు పయనమై ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరిరి. అక్కడ అర్థశాస్త్రము ప్రధానముగా ఎం.ఏ. పట్టము పొందిరి.

సీమలో నున్నపుడు ఆయనకు ఆనంద కుమారస్వామిగారితో స్నేహము కుదిరెను. భారతీయ శిల్పకళల విలువను పాశ్చాత్యులకు ఎరుకపరచిన మహావిద్వాంసుడాయన. వారిరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లములోనికి తెచ్చిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువడినది. ఇంతటి పాండిత్యము గలవాడు స్వదేశమునకు వచ్చి ఏ కళాశాలలోనైన ఆచార్యపదవిలో హాయిగా కాలము గడుపవచ్చును. రాజమహేంద్రవరములోను, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోను కొంతకాలము పాఠములు చెప్పిరి గాని ఎక్కడను నిలువలేదు. మనసునకు సరిపడనిచోట ఒక్క దినమైనను ఇముడలేని మనిషి. ఆయనకు తగినచోటు చివరకు చీరాల అయినది.

చీరాలలో ఆంధ్ర విద్యాపీఠగోష్ఠి అను పేరుతో ఒక సంస్థను నెలకొల్పిరి. యువకులను చేరదీసి రామదండు అను సేవాదళమును తీర్చిదిద్దిరి. గోపాలకృష్ణయ్యగారు రామభక్తులు, ఆ భక్తి పూజామందిరమునకు పరిమితమైనది కాదు. లంకకు వారధి కట్టినది కోతిమూక గదా, స్వరాజ్యమునకు వారధి కట్టవలసినది పల్లెజనమే యని ఆయన తలంపు. పాట, భజన, కవాతు, క్రమశిక్షణ అన్నియు ఆ దండులో ఒకటిగా కలిసిపోయినవి. 1921 మార్చి చివర విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘపు సమావేశము జరిగినపుడు నేల యీనినట్లు వచ్చిన జనసందోహమును ఒక వరుసలో నిలిపినది ఈ రామదండే. దేశనాయకులందరు చూచి మెచ్చుకొనిరి. అంతకంటె కఠినమైన పరీక్ష ఆ దండునకు తమ ఊరిలోనే కాచుకొని యున్నది.

చీరాల, పేరాల గ్రామములు ముఖ్యముగా నేతపనివారి ఊళ్ళు. చిన్నకారు రైతులును, చిల్లర వర్తకులును తక్కినవారు. గుంటమగ్గములో కాళ్ళు పెట్టుకొని పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకువరకు నేసినను కుటుంబము గడచుట కష్టమైన కాలమది. అంతవరకు చీరాల యూనియను అను చిన్న స్థానిక సంఘమునకు ఏటా సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లుచుండెను. 1919లో మద్రాసు ప్రభుత్వము అక్కడ పురపాలక సంఘమును ఏర్పరచినది. దానితో పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగినది. పదిరెట్లు! మగ్గములు పెరిగినవా? లేదు. నేతగాని కూలి పెరిగినదా? అదియును లేదు. పట్టణమునకు కావలసిన సౌకర్యములన్నియు పురపాలక సంఘము సమకూర్చునని అధికారుల వాదము. ఇసుకనేలలో కొలది లోతుననే మంచినీరు పడెడి ఊరిలో, పట్టణము కావలెనని ఎవ్వరును కోరని ఊరిలో, ఆ సౌకర్యముల వెలను పూటకు గతిలేనివాడు ఏల మోయవలెనని ప్రజల ప్రశ్న. అర్థశాస్త్రము చదివి వచ్చిన గోపాలకృష్ణయ్యగారికి ఈ లెక్క విశదపరుప నక్కరలేదు. ఆయన ఆ లెక్కను నేతగానికి వాని పడుగు పేకల భాషలో చెప్పగలిగిరి. అది ఆయన విద్యకు సార్థకత.

ప్రజలు మొదట అర్జీలు పెట్టుకొనిరి. ఫలితము లేకపోయెను. ప్రజలెన్నుకొన్న సభ్యులు తమ స్థానములకు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతముపై ఒక అధ్యక్షుని నియమించి పాలన సాగించెను. పన్ను కట్టమని భీష్మించిన వారిపై నేరములు మోపి శిక్షలు వేసిరి. శిక్షపడినవారిలో రావూరి అలమేలమ్మ అను స్త్రీయు కలదు. పన్ను నిరాకరించిన కారణమున ఒక గృహిణి చెరసాలకేగుట ఆనాడు దేశమునకే క్రొత్త సంగతి. అప్పటికి మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ చేపట్టిన మంత్రి పానగంటి రామారాయణింగారు తెలుగువారే. అయినను తెలుగు నేతగాని మొర ఆ కచ్చేరి గోడలను దాటలేదు. దొరలను మాత్రమే నిందించుట మనకు అలవాటు. ఈ ఘట్టములో ఆ సదుపాయము లేదు.

1921 ఏప్రిల్ 6వ తేదీన మహాత్మాగాంధి చీరాల వచ్చిరి. పరిస్థితి అంతయు విని ఆయన రెండు త్రోవలు చూపిరి. ఒకటి పన్ను నిరాకరించి వచ్చిన కష్టమును శాంతముగా భరించుట. రెండవది పురపాలక సంఘపు హద్దులు విడిచి వెలుపలకు పోవుట. హద్దులలో ఇల్లే లేనినాడు పన్ను ఎవరిమీద వేయుదురు? వినుటకు ఇది సుళువైన ఉపాయమే. కాని గుంటమగ్గము ఇంటి నేలలో త్రవ్వి నిలిపినది. బండిపై నెక్కించుకొని పోదగినది కాదు. వీధి పొడవున పడుగు సాగదీసి గంజి పట్టించిననే గాని నేత సాగదు. పురిటిమంచములోని బాలింతకు, మూలనున్న ముసలివానికి, బాకీకి నూలు తెచ్చుకొన్న నేతగానికి ఊరు విడుచుట యనగా నేమో గోపాలకృష్ణయ్యగారికి తెలియనిది కాదు. తెలిసియే రెండవ త్రోవను ఎన్నుకొనిరి. ప్రజలు ఆయన మాటపై నమ్మకముంచి కదలిరి.

హద్దులకు వెలుపల లేచిన ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. ఒకరి క్రింద ఒకరుండెడి పాత ఊరి కట్టుబాట్లు పాకలలో కొంత సడలక తప్పదు. అందరి పైకప్పు తాటాకే, అందరి కాలి క్రిందిది ఇసుకయే. నివాసులు తమ పెద్దలను తామే ఎన్నుకొని పంచాయతీ నడపుకొనిరి. తగవులు వచ్చినచో కోర్టుకు పోక అక్కడనే తీర్చుకొనిరి. రామదండు రాత్రింబవళ్ళు కావలి కాచినది. గోపాలకృష్ణయ్యగారు పాడిరి, పద్యములు చెప్పిరి, చమత్కారములతో నవ్వించిరి, కోపించిరి. ఆయన చాటుపద్యములను నేటికిని పెద్దలు సరదాగా చెప్పుకొందురు. హాస్యము మిగిలి, ఆ హాస్యముతో ఆయన ఎవరి ఆకలిని మరపింపజూచిరో వారి ముచ్చట మరుగునపడుట న్యాయము కాదు.

ఎండలు పోయి వానలు వచ్చినవి. తాటాకు పాకలకు వానగాలి తట్టుకొను శక్తి యెంత? రోగములు ప్రబలినవి. పనులు సాగక సంపాదన సన్నగిల్లినది. వేలకొలది జనమునకు తిండి, మందు సమకూర్చుటకు చేతనున్న సొమ్ము చాలకపోయెను. నిధులకై గోపాలకృష్ణయ్యగారు ఊరూర తిరిగిరి. ఆ సంచారములోనే నాటి మద్రాసు రాజధానిలోని బరంపురములో ప్రసంగింపరాదన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు ఆయనను నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. రామనగరము తల లేని మొండెమైనది. అటుపైనను ఆ జనము నెలల తరబడి నిలిచిరనగా వారి పట్టుదల నాయకుని మాటకారితనముపై మాత్రమే ఆధారపడినది కాదని స్పష్టము. చివరకు 1922లో శక్తి ఉడిగి ఒక్కొక్క కుటుంబమే పాత ఇండ్లకు మరలినది. పురపాలక సంఘము అప్పటికి తొలగలేదు. పన్ను కట్టవలసియే వచ్చినది.

చీరాల ఒంటరి కాదు. అదే గుంటూరు మండలములో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున 1922 ఆరంభమున భూమిశిస్తు నిరాకరించిరి. పల్నాటిలో అడవిని ఆనుకొని బ్రతుకు ప్రజలు, తమ పశువులు తాతముత్తాతల నాటినుండి మేసిన గడ్డికి పుల్లరి ఏల చెల్లింపవలెనని ఎదురు తిరిగిరి. అక్కడ కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఒకచోట ఇంటిపన్ను, ఒకచోట పొలముశిస్తు, ఒకచోట అడవిగడ్డి. మూడింటను అడిగినది ఒక్కటే: నేలను, నీడను, పచ్చికను అనుభవించువాని మాట లేకయే వాటికి వెలకట్టు అధికారము ఎవరిదని.

అంత జనమును ఊరు విడిపించి, గెలుపు చేకూర్చలేకపోయిన నాయకుడు తప్పు చేసెనా? ఈ ప్రశ్న ఆనాడే పుట్టినది. దానిని దాటవేయుట గోపాలకృష్ణయ్యగారికి గౌరవము కాదు. చేతిలో ధాన్యము, సొమ్ము సిద్ధపరచుకొనక పదమూడు వేలమందిని ఎండలోనికి నడిపించుట ముందుచూపు లేని పనియే. ఒక్క మనిషి వాక్కుపై, ఒక్క మనిషి సంచారముపై ఇంతటి భారము మోపుట మరియొక లోపము. కాని ఆయన తాను చల్లనిచోట కూర్చుండి ఇతరులను ఇసుకలోనికి పంపలేదు. ఉన్న ఆస్తి చదువునకే హరించినది. సంపాదింపగల వయస్సు ప్రజలపాలైనది. నష్టమును పంచుకొనుటలో ఆయన వాటా ఎవరికిని తీసిపోలేదు. రామనగరవాసులు ఓడి తిరిగి వచ్చినను ఆయనను దూరము చేసికొనలేదు. ఆంధ్రరత్నమను బిరుదు ఆయన పేరునకు విడదీయరానిదైనది.

చెరసాలనుండి వచ్చిన పిదప 1923లో అఖిల భారత కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శిగా పనిచేసిరి. శాసనసభలలో ప్రవేశింపవలెనన్న చిత్తరంజన్ దాసుగారి పక్షమున నిలిచిరి. పెద్దల అభిప్రాయమునకు తలయూపుట ఆయనకు చేతకాని విద్య గనుక పదవులలోను ఎక్కువకాలము ఇముడలేదు. సాధన అను పత్రికను నడపిరి. తోలుబొమ్మలాట వంటి జానపద కళలపై ఆయనకు గల అభిమానము చివరివరకు చెక్కుచెదరలేదు. సీమలో అభినయదర్పణమును తెరచి చూపిన కన్నులే పల్లెటూరి తెరపై నీడలను చూచి ముగ్ధములైనవి.

చివరి దినములు దారిద్ర్యముతో గడచినవి. క్షయరోగము పట్టినది. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిది యేండ్లు నిండిన వారమునకు, గోపాలకృష్ణయ్యగారు కన్నుమూసిరి. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు తరువాతి కాలమున ఆంధ్రరత్న భవనమని పేరు పెట్టిరి. అభినయదర్పణము ఆంగ్లానువాదమును నాట్యాభ్యాసకులు దేశదేశములలో నేటికిని చదువుచున్నారు. దాని ముఖపత్రముపై కుమారస్వామిగారి పేరు ప్రక్కన దుగ్గిరాల వారి పేరును ఉన్నది. రామనగరపు పాకలలో కాపురమున్న వేలమంది పేర్లు మాత్రము ఏ ముఖపత్రముపైనను లేవు.