తెల్లవార్లూ ఆడిన ఆట

శామీర్‌పేట దగ్గరి దేవరయాంజాల్ అంటే ఇప్పుడు అందరికీ భూములే గుర్తొస్తాయి. అక్కడి సీతారామచంద్రస్వామి గుడి పేర ఉన్న పదిహేను వందల ఎకరాల పైచిలుకు జాగా మీద 2021లో ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీ వేసింది. సర్వే నంబర్లు, గోదాములు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందన్న సంగతులు పత్రికల నిండా వచ్చాయి. భూమి పోతే చూపడానికి కాగితం ఉంటుంది, అడగడానికి కోర్టు ఉంటుంది. అదే రాముడి కథను, ఇంకా ఎందరో రాజుల కథలను రాత్రంతా ఆడి పాడిన భాగోతం శామీర్‌పేట, మేడ్చల్ ఊళ్లల్లోంచి వెళ్లిపోతే మాత్రం ఎవరూ పంచనామా చేయలేదు. ఏ సంవత్సరం ఆఖరి ఆట ఆడారో ఏ ఊరూ రాసిపెట్టుకోలేదు. ఈ నాలుగు మాటలు ఆ ఆటకు నివాళి.

పుస్తకాల్లో దీన్ని యక్షగానం అన్నారు, వీధి భాగవతం అన్నారు. ఊళ్లల్లో మాత్రం భాగోతమే. రాత్రి బువ్వలు తిన్నాక మద్దెల మోగేది. ఆ చప్పుడుకు చాపలు, గొంగళ్లు చంకన పెట్టుకొని జనం కదిలేవారు. గుడి ముందరో, బొడ్రాయి కాడో నాలుగు గుంజలు పాతి పైన పందిరి వేస్తే అదే రంగస్థలం. వెనకటి కాగడాల స్థానంలో తర్వాత పెట్రోమాక్స్ లైట్లు వచ్చాయి. ఒక పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు, వంత పాడేవాళ్లు. గణపతి ప్రార్థన అయ్యాక ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకొని ఒక బట్టను తెరగా నిలబెట్టేవారు. వేషగాడు ముందు ఆ తెర వెనక గజ్జె కదిలించేవాడు. కొంతసేపు చప్పుడే తప్ప మనిషి కనబడడు. తర్వాత తెర మీద చేయి పడేది, కిరీటం కొస కనబడేది, కూర్చున్న పిల్లలు లేచి నిలబడేవారు. అప్పుడు తెర దిగేది. తానెవరో, ఏ దేశపు రాజో, ఎందుకొచ్చాడో వేషగాడు తన దరువులో తనే చెప్పుకునేవాడు.

అర్దళాన్ని కొబ్బరినూనెలో కలిపి మొహానికి పట్టిస్తే, ఆ పసుపు రంగు పెట్రోమాక్స్ వెలుగులో మెరిసేది. భుజకీర్తులు, కిరీటం తేలిక చెక్కతో చేసి, రంగు కాగితం, అద్దం ముక్కలు అంటించేవారు. వేషగాడు గిర్రున తిరిగితే ఆ అద్దాల తళుకులు జనం మొహాల మీద పడేవి. పగలు అరక దున్నిన మనిషి, మట్టి పనికి పోయిన మనిషి ఆ రాత్రి హరిశ్చంద్రుడు. తెల్లారి మళ్లీ అరకే. కానీ ఊరు అతన్ని బతికినంత కాలం హరిశ్చంద్రుడనే పిలిచేది. వేషం విప్పినా విప్పుకోలేని గౌరవం అది.

మధ్యలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ వచ్చేవాడు. కథలో అతనికి పనేమీ లేదు, అయినా అతను లేకుండా ఆట లేదు. రాజును ఎగతాళి చేస్తాడు, పంతులును ఎగతాళి చేస్తాడు, ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్దమనిషినీ వదలడు. కట్నం చదివించిన వాళ్ల పేర్లు పిలిచి, వాళ్ల మీద ఓ ముక్క కలిపి నవ్వించేదీ అతనే. పగటి పూట ఎవరూ అనలేని మాట రాత్రి రెండు గంటలకు, జనం కునికిపాట్లు పడే వేళ, అతని నోటినుంచి వచ్చేది. ఎవరు తల దించుకున్నారో, ఎవరు పకపకా నవ్వారో అందరికీ కనబడేది. నాటకం సమాజానికి ఏం చేయాలని మన విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతారో అది ఈ ఊళ్లల్లో ఏ పాఠమూ లేకుండా జరిగిపోయింది.

పాఠం లేకుండా అన్నాను గానీ చదువు లేకుండా కాదు. భాగోతం నేర్పే పంతులు ఊరికి వచ్చి నెలల తరబడి ఉండేవాడు. ఇంటికో పూట తిండి, ధాన్యమో డబ్బో కొంత ముట్టజెప్పుడు. రాత్రిళ్లు దీపం ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కరికి వాళ్ల వంతు పద్యం, దరువు, వచనం చెప్పించేవాడు. అక్షరం రానివాళ్లు కూడా వందల పద్యాలు చెవులతో పట్టేసేవారు. కందపద్యం ఎక్కడ విరవాలి, దాని భావాన్ని పాటగా సాగదీసే కందార్థం ఎక్కడ ఎత్తుకోవాలి, ఏడుపు దరువుకు అడుగు ఎలా తగ్గించాలి, యుద్ధానికి ఎలా పెంచాలి, ఇదంతా శిక్షణ. డిప్లొమా ఇవ్వలేదన్న మాటే గానీ అది నాటక పాఠశాలే. ఊరి కుర్రాళ్లు కట్టిన భాగోతంలో ఆడవేషాలూ మగవాళ్లే కట్టేవారు.

ఆడే కథలు అచ్చులో దొరికేవి. తెలంగాణ యక్షగాన కవుల్లో చెర్విరాల భాగయ్య పేరు ఎక్కువగా వినబడేది. ఆయన యక్షగానాలు సికింద్రాబాదులో పలుచని పుస్తకాలుగా అచ్చయి, జాతరల్లో, సంతల్లో, బస్టాండుల్లో తక్కువ ధరకు అమ్ముడుపోయేవి. ముతక కాగితం, అట్ట మీద రంగు బొమ్మ, లోపల కంద, ద్విపద, దరువు, వచనం అన్న చిన్న చిన్న శీర్షికలు. వాటిని సాహిత్య విమర్శకులు చాలాకాలం చేత్తో ముట్టుకోలేదు. నాకు మాత్రం అవి ఒక మహా నాటకశాల గ్రంథాలయంలాగే కనిపిస్తాయి. సికింద్రాబాదులో అచ్చయిన పొత్తం తుర్కపల్లి దాకా, గజ్వేల్ దాకా వెళ్లి, అక్కడి మనుషుల గొంతుల్లో పడి నాటకమయింది. రచయిత ఉన్నాడు, అచ్చువేసేవాడు ఉన్నాడు, నేర్పేవాడు ఉన్నాడు, నటుడు ఉన్నాడు, డబ్బిచ్చి చూసే జనం ఉన్నారు. నాటకరంగానికి ఇంకేం కావాలి?

మన నాటక చరిత్ర పుస్తకాలు ఈ మాట ఒప్పుకోవడానికి వెనకాడాయి. 1860 నాటి కోరాడ రామచంద్రశాస్త్రి ‘మంజరీ మధుకరీయం’ తొలి తెలుగు నాటకమంటారు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రికి రావడం, అదే ఏడు వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించడం, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’, ఇలా సాగుతుంది వరస. ఏప్రిల్ 16న, వీరేశలింగం పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం. ఆ మహానుభావుల ఘనతలో ఒక్క వీసం కూడా తగ్గించాలని నాకు లేదు. కానీ అంతకు మూడు శతాబ్దాల ముందే, గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన కాలంలోనే, కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయం’ రాశాడు. మనకు దొరికిన యక్షగానాల్లో తొలినాటిది అదే అంటారు పండితులు. అంతకన్నా ముందే పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం శివరాత్రి జాగారంలో జనం చూసిన ఆటలను వర్ణించాడు. తంజావూరులో నాయకరాజులు యక్షగానాన్ని కొలువులో కూర్చోబెట్టారు. తెలంగాణలో శేషాచల కవి ‘ధర్మపురి రామాయణం’ యక్షగానంగా రాశాడు. ఇంత వెనకటి వేరు ఉన్నదాన్ని తీసి ‘జానపద కళలు’ అనే అధ్యాయంలో పడేసి, తెర కట్టి టికెట్టు పెట్టిన రోజునుంచి నాటక చరిత్ర మొదలుపెట్టడం అన్యాయం. నిజాం రాష్ట్రంలో తెలుగు నాటకం లేదని పాత తరంలో ఎందరో తేలిగ్గా అనేశారు. కాగడా వెలుగున ఆడింది వాళ్ల లెక్కలోకి రాలేదు.

ఆ లెక్క సరిచేసిన పండితులూ ఉన్నారు. వాళ్లను తలచుకోకుండా ఈ నివాళి పూర్తి కాదు. ఎస్వీ జోగారావు ఏళ్ల తరబడి యక్షగానాల వెంటపడి రాసిన ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1961లో అచ్చువేసింది. ఎక్కడెక్కడి తాళపత్రాలనూ పొత్తాలనూ ఒక చోట చేర్చిన పని అది. పీఎస్ఆర్ అప్పారావు ‘తెలుగు నాటక వికాసము’ ఇప్పటికీ నాటక విద్యార్థికి తొలి మెట్టు. స్వయంగా రంగు పూసుకున్న మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ రాసి ఎన్నో ఆటలకు కనీసం పేరైనా మిగిల్చారు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద సాహిత్యానికి విశ్వవిద్యాలయం తలుపు తెరిచారు. ఇంగ్లీషు పాఠాలు చెబుతూనే తోలుబొమ్మలాట దాకా వెళ్లి రాసిన మొదలి నాగభూషణ శర్మ 2019 సంక్రాంతి వేళ మనల్ని విడిచిపోయారు.

భాగోతాన్ని కులం తెలియనట్టు తలచుకోవడం నాకు చేతకాదు. చిందు వాళ్లది ఈ రంగంలో అందరికన్నా గట్టి పట్టు. మాదిగ కులాన్ని అంటిపెట్టుకొని, ఊళ్లను మిరాశీగా పంచుకొని, తరతరాలుగా ఆడారు. వాళ్ల ఆటలో ఆడవాళ్లు వేషం కడతారు. ఎల్లమ్మ వేషం కట్టి వస్తే జనం నటిని చూడరు, దేవతకే మొక్కుతారు. వాళ్ల జాంబపురాణం చూసినవాళ్లకు నాటక సంవాదం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆది జాంబవుడు కూర్చుంటాడు, బ్రాహ్మణుడు వచ్చి వాదం పెట్టుకుంటాడు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే నేను పుట్టానంటాడు జాంబవుడు. ప్రశ్న మీద ప్రశ్న, జవాబు మీద జవాబు. ఊరి చివర ఉండాల్సినవాడు ఊరి నడుమ కూర్చొని సృష్టి ఎలా జరిగిందో చెబుతుంటే, పగలు అతన్ని దూరం పెట్టినవాళ్లు కూడా రాత్రి కూర్చొని విన్నారు.

అదే చిందు వాళ్లు తెల్లారితే అడుక్కోవలసి వచ్చింది. ఇచ్చిన దాంతో సరిపెట్టుకోవాలి, మాట పడాలి, ఇల్లూ జాగా లేకుండా ఊరూరా తిరగాలి. ఆ బతుకు నుంచి పిల్లలను బయటికి లాగి బడికి పంపిన తల్లిదండ్రులను కళ చంపారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్లు చేసింది మంచి పని. నిజామాబాదు వైపు చిందుల ఎల్లమ్మ మగవేషాలు, ఆడవేషాలు కూడా కట్టి పేరు తెచ్చుకొని 2005లో వెళ్లిపోయింది. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త చదివి సంతోషపడ్డాను. వెంటనే, ఇంత ఆలస్యంగానా అని బాధా కలిగింది.

మా వైపు ఊళ్లల్లో ఆట ఎందుకు ఆగిందంటే ఒక్క కారణం చెప్పలేం. మొదట డేరా టాకీసులు, తర్వాత టీవీ అంటారు. అది కొంతే నిజం. భాగోతానికి కావలసింది ఖాళీ రాత్రి. పంట చేతికొచ్చాక, ఎండాకాలంలో, ఊరంతా ఒకేసారి తీరిక చేసుకొని మర్నాడు ఆలస్యంగా లేచే రాత్రి. వ్యవసాయం పోయాక ఆ తీరిక పోయింది. నగరం దగ్గర పడ్డాక శామీర్‌పేట చెరువు చుట్టూ ఫాంహౌసులు, రింగు రోడ్డు పక్కన గోదాములు, మేడ్చల్ వైపు ఫ్యాక్టరీలు లేచాయి. కుర్రాళ్లలో కొందరిది పగలు షిఫ్టు, కొందరిది రాత్రి షిఫ్టు. రావణుడికి సెలవు దొరికితే రాముడికి దొరకదు. రచ్చబండ కాడి జాగా సీసీ రోడ్డయింది, మిగిలినదానికి ప్రహరీ కట్టారు. ఎకరం అమ్మి ఇల్లు కట్టుకున్నవాడి కొడుక్కి గజ్జె కట్టడం నామోషీ అయింది. హార్మోనియం పంతులు ఒకసారి వచ్చి, పిలిచేవాళ్లు లేక, మళ్లీ రాలేదు.

పొరుగున కర్ణాటక తీరంలో ఇలా జరగలేదు. అక్కడి యక్షగాన మేళాలు ఇప్పటికీ వానలు తగ్గాక బయల్దేరి మళ్లీ వానలొచ్చే దాకా ఊరూరా ఆడుతున్నాయి. శివరామ కారంత లాంటి పెద్ద రచయిత స్వయంగా ఆ ఆటలో దిగాడు. ఉడుపిలో యక్షగాన కేంద్రం పెట్టి పిల్లలకు తిండి పెట్టి నేర్పారు. కేరళలో వళ్లత్తోళ్ 1930లో కళామండలం పెట్టకపోతే కథకళి ఏమయ్యేదో చెప్పలేం. పూనుకున్న మనుషులు అక్కడ దొరికారు. ఇక్కడ మనం దాన్ని పల్లెటూరి గోల అనుకున్నాం. ‘వీడి భాగోతం బయటపడింది’ అనే తిట్టులో తప్ప ఆ మాటనే పెద్దగా వాడలేదు. దర్శకుడు ఏఆర్ కృష్ణ ‘మాలపల్లి’ని వీధినాటకం పద్ధతిలో ఎంతోమంది నటులతో ఆరుబయట ఆడించినప్పుడు నగరం ఆశ్చర్యపోయి చూసింది. ఆ ఆశ్చర్యం పక్క ఊళ్ల దాకా నడిచి రాలేదు.

అచ్చు పుస్తకాలు ఇప్పుడు కొన్ని గ్రంథాలయాల్లో, పాత పుస్తకాల దుకాణాల్లో దొరుకుతాయి. తెరిచి చూస్తే దరువు, దాని పైన ఒక రాగం పేరు, ఒక తాళం పేరు ఉంటాయి. ఆ రాగాన్ని ఈ ఊళ్లల్లో ఎలా ఎత్తారో, మద్దెల ఎక్కడ ఆగి ఎక్కడ కలిసేదో, బుడ్డర్‌ఖాన్ ఏ పదం దగ్గర అడ్డం పడేవాడో పుస్తకంలో లేదు. అది ఉన్నది డెబ్బై, ఎనభై ఏళ్ల మనుషుల గొంతుల్లో. వాళ్లలో కొందరు ఇంకా ఈ ఊళ్లల్లోనే ఉన్నారు. కొందరు వాచ్‌మెన్ పనికి కుదిరారు, కొందరు మనవళ్ల ఇళ్లల్లో వసారాలో కూర్చుంటున్నారు. అడిగితే పాడతారు. ఒక దరువు అందుకున్నాక పక్కనున్న ముసలాయన అడగకుండానే వంత కలుపుతాడు. నాటకశాస్త్రం చదివే విద్యార్థులు సిద్ధాంత వ్యాసానికి విషయం వెతుక్కుంటూ ఎక్కడెక్కడికో పోతున్నారు. సికింద్రాబాదులో బస్సెక్కితే గంటా గంటన్నరలో ఇక్కడికి రావచ్చు. పాత పొత్తమొకటి, రికార్డరొకటి పట్టుకొని రావాలి. ఒక పద్యం కాదు, ఒక దరువు కాదు, ప్రార్థన నుంచి మంగళం దాకా రాత్రంతా పట్టే ఆట మొత్తం రికార్డు చేసుకోవాలి. ఈ ఎండాకాలంలోనే రావాలి.