తుపాకుల పనివాడు జోసెఫ్ మాంటన్

తుపాకి అంటే ప్రాణం తీసే వస్తువే. అటువంటి దానిలో చూచి మెచ్చుకోదగిన పనితనం ఏముంటుందని మన ఆడవారు అడుగవచ్చును. ఇంగ్లండు దేశపు జోసెఫ్ మాంటన్ చరిత్ర తెలిసినవారు ఆ మాట అనరు.

ఇతడు 1766 లో లింకన్‌షైర్ లోని గ్రాంథమ్ పట్టణంలో పుట్టాడు. అన్నగారైన జాన్ 1781 లో లండన్ డోవర్ వీధిలో తుపాకుల దుకాణం పెట్టి పేరు సంపాదించాడు. తమ్ముడు ఆ అన్న దగ్గరే చేయి తిప్పుకొని, 1790 ప్రాంతంలో డేవిస్ వీధిలో సొంత దుకాణం తెరిచాడు. అవి చెకుముకి రాయి నిప్పుతో పేలే తుపాకుల రోజులు. పక్షుల వేటకు రెండు గొట్టాల తుపాకిని తేలికగా, తీరుగా చేయడంలో ఇతనిని మించినవాడు లేడనిపించుకున్నాడు. రెండు గొట్టాల నడుమ వెనుకవైపు ఎత్తుగా ఉండే పట్టీని అమర్చి, గురి కుదిరేటట్లు చేసి, 1806 లో దానికి పేటెంటు పొందాడు.

ఇక చెక్కడపు పని. తుపాకి మరను మోసే ఇనుప రేకు మీద పనివాడు సన్నని ఉలిని అరచేతితో నెట్టుతూ, లేదా చిన్న సుత్తితో తడుతూ తీగలు తీస్తాడు. మన కంసాలి ఇత్తడి బిందె మీద పేరు వేయడం మీరందరూ చూచే ఉంటారు. ఇది అంతకంటె గట్టి లోహం. ఉలి జారితే చెరిపివేసే ఉపాయం లేదు. చెక్కడం ముగిసిన తరువాత ఆ రేకును ఎముకల బొగ్గులో పొదిగి, కొలిమిలో కాల్చి, నీటిలో ముంచుతారు. అప్పుడు పైపొర బిరుసెక్కి నీలమూ గోధుమవర్ణమూ కలిసిన మబ్బు రంగులు దేరుతుంది. ఆ మీదట ఉలి దిగదు. దిద్దుకోవలసినదంతా అంతకు ముందే దిద్దుకోవాలి.

అదే కాలంలో ఫ్రాన్సు దేశంలో బూటే అనే ఆయన నెపోలియన్ కొలువుకు బంగారు పొదుగులతో ఆయుధాలు చేసేవాడు. అవి పెండ్లికూతుళ్లవలె ఉంటాయి. మాంటన్ వస్తువు అలా ఉండదు. అంచున ఒక గీత, సన్నని తీగలు, ఒక మూల వేటకుక్కో పక్షో, నడుమ తన పేరు, అంతే. నా మట్టుకు ఇదే ఎక్కువ అందం. వెలుతురుకు వాల్చి చూస్తే తీగ మెలిక తిరిగే చోట గీత లావెక్కి, కొసన వెంట్రుకంత అయి ఆగిపోతుంది. మర మేకు తల మీది చెక్కడం చుట్టూ ఉన్న రేకు చెక్కడంతో అతుకు కనబడకుండా కలుస్తుంది.

అయితే ఆ పేరు యజమానిది. ఉలి పట్టినవాడి పేరు తుపాకి మీద ఉండదు. మన పెద్దలు వలస వచ్చేటప్పుడు తెచ్చుకొన్న బిందెల మీద కూడా తాతగారి పేరు, ఊరు పేరు ఉంటాయి గాని చెక్కిన కంసాలి పేరు ఎక్కడున్నది?

మాంటన్ దుకాణంలో పనిచేసి వెళ్లినవారిలో జేమ్స్ పర్డీ, చార్లెస్ లాంకాస్టర్, థామస్ బాస్ ఉన్నారు. తరువాత ముగ్గురూ సొంతంగా పేరు పొందిన తుపాకుల పనివారే. గురువుగారి చేతికి మాత్రం డబ్బు నిలువలేదు. ఫిరంగి గుండ్ల విషయమై ప్రభుత్వ ఆయుధశాఖతో ఏండ్ల తరబడి పేచీ పడ్డాడు. చెకుముకి లేకుండా దెబ్బతో పేలే మందుకు పేటెంటు పొందిన ఫోర్సైత్ అనే ఆయన దావా వేసి ఇతని మీద గెలిచాడు. చివరకు 1826 లో దివాలా తీశాడు. ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఇతడున్న దుకాణంలోనికి పూర్వపు శిష్యుడు పర్డీయే మారాడు. కొడుకు ఫ్రెడరిక్ మన కలకత్తాకు వచ్చి తుపాకుల వ్యాపారం పెట్టాడు. మాంటన్ అనే పేరుతో ఆ కంపెనీ అక్కడ చాలాకాలం నడిచింది.

1835 జూన్ 29 న జోసెఫ్ మాంటన్ మరణించాడు. లండన్ లోని కెన్సల్ గ్రీన్ లో సమాధి చేశారు. రాతి మీద చెక్కవలసిన మాటలు అతని తుపాకులతో వేటాడిన కర్నల్ హాకర్ వ్రాసి ఇచ్చాడు.

దివాలా తీసినవాడి పేరుకు గిరాకీ మాత్రం తగ్గలేదు. వేరే వాళ్లు నాసి తుపాకులు చేసి వాటి మీద మాంటన్ పేరు చెక్కి అమ్ముకున్నారు. అందువల్ల పాత తుపాకులు సేకరించేవారు పేరును చూచి నమ్మరు. భూతద్దం పట్టుకొని మేకు తలల మీద తీగలు ఎలా కలిశాయో చూస్తారు.