గుండు వేగమును తూచిన బెంజమిన్ రాబిన్స్

గొట్టములో మందు పోసి, దానిపై పీచునో గుడ్డపేలికనో కూరి, కడ్డీతో దట్టించి, అటుపిమ్మట గుండు వేయుట నాటుతుపాకి నింపువారి పద్ధతి. మందునకు గుండునకు నడుమ ఖాళీ ఉండరాదని పల్నాటి వేటగానికి పెద్దలు చెప్పిన మాట. ఎందుకు ఉండరాదో ప్రయోగము చేసి చూపి, కారణము వివరించిన శాస్త్రజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. ఆంగ్లేయుడైన ఈతని చివరి సంవత్సరము మన తూర్పు తీరముననే గడచినది.

రాబిన్స్ 1707లో ఇంగ్లండులోని బాత్ పట్టణమున క్వేకరు మతస్థుల ఇంట జన్మించెను. ఆయుధము పట్టుట పాపమని నమ్మువారు క్వేకర్లు. ఆ ఇంటి బిడ్డ ఫిరంగి శాస్త్రమునకు పునాది వేయుట విధివిలాసము. కలిమి లేని కుటుంబము. విశ్వవిద్యాలయమున చదువు యోగము లేదు. తనంత తాను గణితము నేర్చి, లండను చేరి, పాఠములు చెప్పుకొని బ్రతికెను. 1727లో, ఇరువది యేండ్ల ప్రాయమున, రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1735లో న్యూటను గణితముపై బిషప్ బర్క్‌లీ చేసిన ఆక్షేపణలకు సమాధానముగా గ్రంథము వ్రాసెను. 1741లో వూలిచ్ సైనిక విద్యాలయమున ఆచార్యపదవిని ఆశించి భంగపడెను. అయినను కుంగిపోక, మరుసటి యేడు ఫిరంగి విద్యకు నూతన సూత్రములను ప్రతిపాదించు గ్రంథమును వెలువరించెను.

అంతవరకు తుపాకి గుండు ఎంత వేగమున పోవునో సరిగా కొలిచిన సాధనము లేదు. రాబిన్స్ ఇనుప పలకకు కొయ్యదిమ్మె బిగించి లోలకమువలె వ్రేలాడదీసెను. గుండు తగులగా అది ఎంత ఊగినదో, వెనుక కట్టిన పట్టీ ఎంత సాగినదో చూచి వేగము లెక్కకట్టెను. ముప్పాతిక అంగుళపు సీసపు గుండు క్షణమునకు సుమారు 1700 అడుగులు పోవునని తేలినది. గాలి ఆటంకము లేనిచో అది 17 మైళ్లు పోవలెను. వాస్తవముగా అరమైలైనను దాటదు. గాలి ఆటంకము స్వల్పమని అంతవరకు పండితులు భావించిరి. ఈ ఒక్క కొలత ఆ భావమును కూల్చివేసెను.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది మరియొక ప్రయోగము. దృఢమైన ఇనుముతో చేసిన సైనికుల తుపాకిలో తులమున్నర మందు పోసి, గుండును మందునకు ఆనింపక, అడుగునుండి 16 అంగుళముల దూరమున వదులుగా నిలిపి కాల్చెను. గుండు వెనుక భాగమున గొట్టము ఊదిన తిత్తివలె రెట్టింపు లావున ఉబ్బి, రెండు ముక్కలు తునిగి ఎగిరిపోయెను. మందు కొద్దిదే, కీడు చేసినది నడిమి ఖాళీ. మండిన వాయువు ఆ ఖాళీలో వేగము పుంజుకొని, కదలని గుండు వెనుక ఒక్కచో క్రిక్కిరిసి, గొట్టమును చీల్చునని రాబిన్స్ వివరించెను.

ఈ విషయము నేటికిని పాతబడలేదు. నల్లమందు కాలపు తూటాగొట్టములు పెద్దవి. ఆ మందు వానిని నిండుగా నింపెడిది. 1884 తరువాత వచ్చిన పొగలేని మందు కొంచెమే చాలును. మెత్తని సీసముతో పోతపోసిన గుండ్లకు వేగము తగ్గింపవలెను గనుక మందు మరింత తగ్గును, గొట్టములో ఖాళీ పెరుగును. తుపాకి వంచినప్పుడెల్ల మందు అటునిటు జారి, ఒకమారు మండినట్లు మరియొకమారు మండదు. అందుచే చేతితో తూటాలు నింపుకొను విదేశీయులు కొందరు మందుపైన చిటికెడు బూరుగుదూదిని గాని, కృత్రిమపు నూలు పోగును గాని ఉంచి దానిని కదలనీయరు. మరికొందరు దీనికి ఒప్పుకొనరు. వదులుగా నున్న ఆ దూదియే విసురుగా పోయి గుండు అడుగున తాకి, అచ్చట గొట్టమును ఉంగరమువలె ఉబ్బించునని వారి వాదము. ఈ తగవునకు మూలము రాబిన్స్ కనుగొన్న సత్యమే.

1745లో ఆయిలరు మహాశయుడు రాబిన్స్ గ్రంథమును వ్యాఖ్యానముతో జర్మను భాషలోనికి దింపెను. 1746లో రాయల్ సొసైటీ కోప్లీ పతకమిచ్చెను. మరుసటి యేడు మరచుట్లు గల తుపాకుల విశిష్టతను ఆ సొసైటీకి నివేదించి, వానిని ముందుగా వశపరచుకొన్న జాతికి విజయము తథ్యమని హెచ్చరించెను.

1746లో ఫ్రెంచివారు పట్టుకొన్న చెన్నపట్నము 1749లో ఆంగ్లేయులకు తిరిగి దక్కెను. శిథిలమైన కోటలను బలపరచుటకు ఈస్టిండియా కంపెనీ రాబిన్సును ప్రధాన ఇంజనీరుగా నియమించెను. 1750లో అతడు కడలూరు చెంతనున్న సెంటు డేవిడు కోటకు వచ్చెను. ఎండలోను వానలోను పని చేయుచు జ్వరముపాలై, 1751 జూలై 29న, నలుబది నాలుగేండ్లకే, ఆ కోటలోనే మరణించెను. వివాహము చేసికొనలేదు.

అతడు కొలువు చేసిన కంపెనీ 1759లో మచిలీపట్నమును, 1788లో గుంటూరు సర్కారును చేజిక్కించుకొన్నది. ఆ ఫిరంగుల బలమును మన పూర్వులు చవిచూచిరి. ఆ బలము వెనుకనున్న గణితము మనవారికి చేరుటకు మాత్రము చాలకాలము పట్టినది. తాతల నాటి వాడుకను నమ్మియు ఊరకుండక, అది ఎందుకు నిజమో కొలిచి చూచుట రాబిన్స్ చూపిన త్రోవ. విద్యార్థులు గ్రహింపవలసినది ఆ త్రోవను. ఆ విద్య ఎవరి చేత, ఎందులకు వినియోగమైనదో అదియును మరువరాదు.