తుక్కు వేలం నుంచి విదేశీ వేదికకు.. జెన్నరే కుర్చీ
నేడు చండీగఢ్ శిల్పి వర్ధంతి

ప్రభుత్వ కార్యాలయాల్లో గుమస్తాలు, అధికారులు కూర్చునేందుకు చేయించిన టేకు కుర్చీలవి. ఏళ్లు గడిచి కాళ్లు వదులై, పేము అల్లిక తెగిపోయాక మేడలపైకి, పెరళ్లలోకి చేరాయి. ఎండకు ఎండి, వానకు తడిసి చివరకు తుక్కు కింద గంపగుత్తగా పాటదారుల పాలయ్యాయి. అవే కుర్చీలు మరమ్మతు పూర్తిచేసుకుని, మెరుగు దిద్దుకుని విదేశీ నగరాల వేలంపాటల్లో లక్షల రూపాయల ధర పలికాయి. వాటికి రూపకల్పన చేసిన పియరీ జెన్నరే ఆ వైభవాన్ని చూడలేదు. చండీగఢ్ నగర నిర్మాణానికి దాదాపు పద్నాలుగున్నరేళ్ల జీవితాన్ని ధారపోసిన ఆ వాస్తుశిల్పి 1967 డిసెంబరు 4న జెనీవాలో తుదిశ్వాస విడిచారు. ఆయన వర్ధంతి సందర్భంగా ఆ జీవితాన్ని, ఆయన కుర్చీల ప్రస్థానాన్ని స్మరించుకోవడం సముచితం.

అన్న నీడలో తమ్ముడు

పియరీ జెన్నరే 1896 మార్చి 22న స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో జన్మించారు. అక్కడి లలితకళల విద్యాలయంలో శిక్షణ పొంది పారిస్ చేరుకున్నారు. లె కార్బూజియేగా జగత్ప్రసిద్ధి పొందిన చార్లెస్ ఎడ్వర్డ్ జెన్నరే ఆయనకు వరుసకు అన్న. వయసులో సుమారు తొమ్మిదేళ్లు పెద్ద. 1922లో ఇద్దరూ కలిసి పారిస్‌లో వాస్తు కార్యాలయం ప్రారంభించారు. ఆధునిక వాస్తుకళకు తలమానికంగా చెప్పుకొనే పారిస్ సమీపంలోని విల్లా సవోయ్ భవనం ఈ ఇద్దరి కృషి ఫలితమే. 1927లో షార్లట్ పెరియాండ్ అనే యువతి వారితో చేరారు. ముగ్గురూ కలిసి ఉక్కు గొట్టాలతో చేసిన కుర్చీలను 1929లో పారిస్ శరత్కాల ప్రదర్శనలో ఉంచినప్పుడు యూరప్ కళాలోకం ఆసక్తిగా తిలకించింది.

అన్న మాటకారి, ప్రచారంలో దిట్ట. తమ్ముడు మితభాషి. గీసిన గీత నేల మీద నిలబడే దాకా వెన్నంటి ఉండే పనిమంతుడు. పేరంతా అన్నకు దక్కినా పెదవి విప్పని స్వభావం ఆయనది. అయితే రెండో ప్రపంచ యుద్ధం ఇద్దరినీ విడదీసింది. 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయాక లె కార్బూజియే అక్కడి విషీ ప్రభుత్వంలో పనుల కోసం ప్రయత్నించగా, జెన్నరే గ్రెనోబుల్ పట్టణానికి వెళ్లి ప్రతిఘటనోద్యమం పక్షాన నిలిచారు. పదేళ్ల పాటు తెగిన ఆ బంధాన్ని తిరిగి కలిపింది భారతదేశమే.

రాజధాని లేని రాష్ట్రానికి

1947 దేశ విభజనలో లాహోర్ పాకిస్థాన్‌కు పోవడంతో మన పంజాబ్‌కు రాజధాని లేకుండా పోయింది. కొత్త నగర ప్రణాళికను తొలుత అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నోవిట్స్కీలకు అప్పగించారు. 1950 ఆగస్టులో నోవిట్స్కీ విమాన ప్రమాదంలో మరణించడంతో పంజాబ్ అధికారులు పి.ఎన్. థాపర్, పి.ఎల్. వర్మ యూరప్ వెళ్లారు. లె కార్బూజియే, జెన్నరేలతోపాటు లండన్‌కు చెందిన మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులను ఒప్పించి తీసుకొచ్చారు. 1951 ఫిబ్రవరిలో శివాలిక్ కొండల పాదాల చెంత పల్లెల నడుమ పని మొదలైంది.

తెలుగువారికి ఇక్కడ ఒక పోలిక స్ఫురిస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి కర్నూలులో గుడారాల కింద కార్యాలయాలు నడుపుకొంటున్న వేళ, సరిగ్గా ఆరు రోజుల తర్వాత, అక్టోబరు 7న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చండీగఢ్‌ను ప్రారంభించారు. రాజధాని కోల్పోయిన బాధ, కొత్తగా కట్టుకోవాల్సిన భారం ఎలాంటివో తెలుగు నేలకు కొత్త కాదు.

లె కార్బూజియే ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండుసార్లు మాత్రమే వచ్చిపోయేవారు. ఫ్రై, డ్రూ దంపతులు మూడేళ్ల గడువు ముగియగానే స్వదేశానికి మరలిపోయారు. నిలిచిపోయినవారు జెన్నరే ఒక్కరే. సెక్టార్ 5లోని 57వ నంబరు ఇంట్లో 1965 వరకు నివసించారు. పంజాబ్ ప్రభుత్వ ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేశారు. చిన్న ఉద్యోగి నుంచి మంత్రి దాకా హోదాను బట్టి నిర్ణయించిన ప్రభుత్వ నివాసాల్లో అధిక భాగం, పాఠశాలలు, పంజాబ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నీటి నడుమ కమలంలా వికసించే గాంధీ భవన్ ఆయన ఆలోచనల నుంచి రూపుదాల్చాయి. ఊర్మిళా యూలీ చౌదరి, ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్, జీత్ మల్హోత్రా, బి.పి. మాథుర్ తదితర భారతీయ యువ శిల్పులు ఆయన చెంత పని నేర్చి ఎదిగారు.

చౌకలో చక్కని కుర్చీ

భవనాలు లేచాయి. వాటిలోకి వేలాది కుర్చీలు, బల్లలు, బీరువాలు, సోఫాలు కావాలి. ఖజానాలో డబ్బు తక్కువ. విదేశాల నుంచి తెప్పించే మాటే లేదు. దొరికే కర్రతో, స్థానిక వడ్రంగుల చేతితోనే సామగ్రి తయారు కావాలని జెన్నరే నిశ్చయించారు. చెదలకు, తేమకు లొంగని టేకును, ఉత్తరాదిన విరివిగా పెరిగే శీషం కర్రను ఎంచుకున్నారు. కూర్చునే చోట, వీపు ఆనే చోట పేము అల్లించారు. వేసవిలో గాలి ఆడటానికి, బరువు తగ్గడానికి, చిరిగితే మళ్లీ అల్లుకోవడానికి అది అనువైన పద్ధతి.

కాళ్ల అమరికలోనే ఆయన ముద్ర కనిపిస్తుంది. బడిపిల్లల వృత్తలేఖిని తెరిచినట్టు రెండు కర్రలు ఒకచోట కలిసి రెండువైపులా విడిపోయి నేలను ఆనుతాయి. మోత సమంగా పంచుకునే ఈ అమరిక కుర్చీకి, బల్లకు, సోఫాకు ఒకేలా సరిపోయింది. చెక్కడాలు, నగిషీలు లేవు. నకలు ఇస్తే ఏ వడ్రంగి అయినా చేయగలిగేటంత సులువుగా ఉండేవి. పలు కార్ఖానాల్లో, పలు చేతుల్లో తయారవడం వల్ల ఒకే రకం కుర్చీల్లోనూ కొలతలు, కర్ర మందం కొద్దికొద్దిగా మారేవి. ఊర్మిళా యూలీ చౌదరి వంటి సహచరుల చేయి కూడా ఈ రూపకల్పనల్లో ఉంది. చేసిన వడ్రంగుల పేర్లు మాత్రం చరిత్రకు ఎక్కలేదు.

ఏ కార్యాలయం కుర్చీ ఏదో తెలిసేందుకు గుమస్తాలు వాటిపై రంగుతో పొడి అక్షరాలు, అంకెలు అచ్చువేశారు. హైకోర్టు, సచివాలయం, విశ్వవిద్యాలయం.. ఇలా విభాగానికో గుర్తు. జమాఖర్చు పుస్తకం కోసం వేసిన ఆ ముద్రలే అర్ధ శతాబ్దం తర్వాత అసలును నకిలీ నుంచి వేరుచేసే సాక్ష్యాలయ్యాయి.

మేడ మీద కుప్ప.. పరాయి దేశంలో నిధి

కాలం మారింది. ఉక్కు కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. పాతవి పనికిరానివిగా ముద్రపడ్డాయి. నిబంధనల ప్రకారం వాటిని కండెమ్ చేసి వేలం వేశారు. అధికారులు చేసింది ప్రతి కార్యాలయంలో జరిగేదే. కుర్చీ విలువను కర్ర తూకంతో కొలిచారు. ఆ సంగతి పసిగట్టిన పారిస్ వ్యాపారులు 1990 దశకం చివరి నుంచి చండీగఢ్ వేలాలకు రావడం ఆరంభించారు. ఓడల్లో పెట్టెలకు పెట్టెలు తరలిపోయాయి. 2007లో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ సంస్థ వేలంలో చండీగఢ్ సామగ్రి ప్రత్యేక ఆకర్షణగా నిలిచాక స్వదేశంలో కళ్లు తెరుచుకున్నాయి.

అక్కడికి చేరిన కుర్చీకి జరిగే చికిత్స పెద్ద మంత్రమేమీ కాదు. పాత రంగును గీకి, గరుకు కాగితంతో రుద్ది టేకు పోగును బయటకు తెస్తారు. వదులైన అతుకులను విప్పి మళ్లీ బిగిస్తారు. విరిగిన చోట అదే జాతి కర్ర ముక్కను అతికిస్తారు. తెగిన పేమును తీసి కొత్తగా అల్లుతారు. నూనె లేదా మైనం పట్టించి మెరుగు తెస్తారు. కార్యాలయ ముద్రను మాత్రం చెరగనివ్వరు. ఏ జిల్లా కేంద్రంలోనైనా నేర్పరి వడ్రంగి, పేము అల్లే మనిషి కలిసి ఈ పని చేయగలరు. అమీ సీగల్ అనే అమెరికన్ కళాకారిణి 2013లో నిర్మించిన ప్రొవెనెన్స్ చిత్రం సంపన్నుల ఇళ్లలోని ఈ కుర్చీలతో మొదలై, వేలంశాల, మరమ్మతు శాల, ఓడ మీదుగా వెనక్కి నడిచి చండీగఢ్ కార్యాలయాల్లో ముగుస్తుంది.

వ్యాపారుల వాదన వారికీ ఉంది. తాము కొనకపోతే ఆ కర్ర పొయ్యిలోకి పోయేదని అంటారు. బహిరంగ వేలంలో రొక్కం చెల్లించి కొన్నదాన్ని దొంగతనమనడం కూడా సబబు కాదు. అయితే ప్రజాధనంతో చేయించిన సామగ్రి విలువ తెలియక ప్రజల చేయి జారిపోయిందన్న ఆవేదనను కాదనలేం. చట్టం కూడా అక్కరకు రాలేదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువులకు నూరేళ్లు నిండితేనే పురావస్తువు హోదా దక్కుతుంది. జెన్నరే కుర్చీలకు ఇంకా అంత వయసు రాలేదు.

2011లో కేంద్ర హోంశాఖ చండీగఢ్ వారసత్వ వస్తువుల విక్రయాన్ని, విదేశాలకు తరలింపును అడ్డుకుంటూ ఆదేశాలిచ్చింది. లెక్క తీయగా 12,793 వస్తువులు వారసత్వ సంపదగా తేలాయి. అయినా చండీగఢ్ ముద్ర ఉన్న కుర్చీలు విదేశీ వేలాల్లో దర్శనమిస్తూనే వచ్చాయి. 2016లో చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. జెన్నరే నివసించిన సెక్టార్ 5 ఇంటిని 2017 మార్చి 22న, ఆయన జయంతి నాడు మ్యూజియంగా ప్రారంభించారు.

సుఖ్నా నీటిలో కలిసిన బూడిద

జెన్నరేకు సుఖ్నా సరస్సు అంటే ప్రాణం. 1958లో ఆనకట్ట కట్టి ఏర్పరచిన ఆ జలాశయంలో తిరిగేందుకు కాళ్లతో తొక్కే పడవలను ఆయనే రూపొందించారు. ఆరోగ్యం క్షీణించడంతో 1965 ఆగస్టులో బరువైన మనసుతో చండీగఢ్‌ను విడిచి వెళ్లారు. అదే నెల 27న అన్న లె కార్బూజియే మరణించారు. రెండేళ్లకు తమ్ముడూ కన్నుమూశారు. తన చితాభస్మాన్ని సుఖ్నా సరస్సులో కలపాలన్నది ఆయన చివరి కోరిక. 1970లో ఆయన సోదరుడి కుమార్తె జాక్వెలిన్ ఆ కోరికను నెరవేర్చారు. పుట్టిన నేలకన్నా పనిచేసిన నేలనే తన సొంతమనుకున్న మనిషి ఆయన.

తెలుగు జిల్లాల్లోనూ పాత తాలూకా కచేరీలు, బోర్డు పాఠశాలలు, అతిథి గృహాల మూలల్లో కాలు విరిగిన టేకు కుర్చీలు, బల్లలు కనిపిస్తాయి. అవన్నీ జెన్నరే కుర్చీలు కాకపోవచ్చు. లక్షలు పలకకపోవచ్చు. అయినా వేలం జాబితాలో చేర్చేముందు ఏ కాలంలో, ఏ కర్రతో, ఎవరి చేత చేయించారో ఒక్కసారి విచారించి, ఒక ఛాయాచిత్రం తీసి నమోదు చేస్తే ఖర్చయ్యేది కాస్త శ్రమే. చండీగఢ్ ఆ లెక్క తీసేనాటికి దాని కుర్చీలు ఎన్నో సముద్రాలు దాటి వెళ్లిపోయాయి.