బరువు మోసినవాని శిఖరము: టెన్సింగ్ నార్గే

మన తెలుగువారికి హిమాలయము మొట్టమొదట పరిచయమైనది అల్లసాని పెద్దన మనుచరిత్రమునందని చెప్పినచో అతిశయోక్తి కానేరదు. గృహస్థధర్మము తప్పక నడచుకొను ప్రవరుడు సిద్ధుడొసగిన పసరును పాదములకు పూసికొని క్షణములో మంచుకొండ చేరెను. ఆ పసరు మంచునీటిలో కరగిపోగా ఇల్లు చేరు త్రోవ తెలియక దిక్కులు చూచెను. ఆ కథయందు ప్రవరునకు లేనిది ఒక్కటే: త్రోవ యెఱిగిన తోడు. అట్టి తోడుగా నుండుటయే వృత్తిగా బ్రతికి, పరుల మూటలు మోయుచు మోయుచు లోకములోని అత్యున్నత శిఖరముపై కాలు మోపిన టెన్సింగ్ నార్గే జీవితమును ఈ సంచిక పాఠకులకు సంగ్రహముగా నివేదింపదలచితిని.

ఆ శిఖరమునకును మనము నివసించు ఈ మహానగరమునకును సంబంధము నేటిది కాదు. భారత సర్వే శాఖయందు గణకుడుగా నుండిన వంగదేశీయుడు రాధానాథ సిక్దార్, దూరమునుండి తీసిన కొలతలతో లెక్కలు కట్టి, పదునైదవ సంఖ్యతో గుర్తింపబడిన శిఖరము తక్కిన అన్నింటికంటె ఉన్నతమైనదని తేల్చెను. 1856లో ప్రకటింపబడిన దాని యెత్తు 29,002 అడుగులు. 2020 డిసెంబరులో నేపాలు, చైనా ప్రభుత్వములు కలసి ప్రకటించిన యెత్తు 8,848.86 మీటరులు. ఈ రెండు లెక్కలకు నడుమ భేదము దాదాపు ముప్పది అడుగులు మాత్రమే. ఇంతటి లెక్క కట్టినవాని పేరు శిఖరమునకు రాలేదు. ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోయిన సర్వేయరు జనరల్ ఎవరెస్టు దొర పేరు వచ్చెను. పని యొకనిది, పేరు వేఱొకనిది యగుట ఆ కొండ చరిత్రలో ఆనాడే ప్రారంభమయ్యెనని చెప్పవచ్చును.

టెన్సింగు 1914వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. జన్మదినమును ఎవరును వ్రాసియుంచలేదు. ఋతువును బట్టి మే నెల చివర యని మాత్రము అతడు చెప్పుకొనుచుండెను. బాల్యము నేపాలునందలి ఖుంబూ ప్రాంతమున థామే గ్రామములో గడచెను. తండ్రి జడలబఱ్ఱెలను మేపుకొని జీవించువాడు. పదుముగ్గురు సంతానములో ఇతడు పదునొకండవవాడు. వారిలో పెక్కుమంది పసితనముననే గతించిరి. తొలుత పెట్టిన పేరు నామ్‌గ్యాల్ వాంగ్డి. ఒక బౌద్ధమఠాధిపతి సలహామీద దానిని టెన్సింగ్ నార్గేగా మార్చిరి. అతనికి బడియు లేదు, పలకయు లేదు. పశువులవెంట తిరుగుచు, పక్షులు సైతము ఎగిరి దాటజాలనిదని తల్లి చెప్పిన మహాశిఖరమును నిత్యము చూచుచు పెరిగెను. ఎవరెస్టు అను పేరు అతడు ఆనాడెఱుగడు. తనవారు పిలుచు చోమోలుంగ్మా యను పేరే అతనికి తెలియును.

1932 ప్రాంతమున, ఇంకను ఇరువదియేండ్లు నిండకముందే, ఇల్లు విడిచి డార్జిలింగు చేరెను. ఆ కాలమున నేపాలు విదేశీయులను రానిచ్చెడిది కాదు. ఎవరెస్టునకు పోగోరు దొరలు డార్జిలింగులో షేర్పాలను కూర్చుకొని, టిబెటు మార్గమున పోవుచుండిరి. అందుచేత ఆ పట్టణము మోతపనికి సంతవంటిదయ్యెను.

ఇచట ఆ పని యెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. అంత యెత్తైన కొండ నెక్కుట ఒక్కడు చేయు పని కాదు. క్రింద మూలశిబిరము, దానిపై ఒకదాని మీద ఒకటిగా ఏడెనిమిది శిబిరములు ఏర్పఱుపవలెను. ఒక్కొక్కదానికి గుడారము, కిరసనాయిలు, ఆహారము, త్రాళ్లు, ప్రాణవాయువు నింపిన సీసాలు మనుష్యుల వీపులమీదనే చేరవలెను. చిట్టచివరి గుడారమున ఇద్దరు ఒక్కరాత్రి పరుండుటకు క్రింద వందలమంది వారములతరబడి బరువులు మోయవలెను. ఇరువదియాఱువేల అడుగులు దాటినపిదప లభించు ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో మూడవవంతునకు పడిపోవును. ఆకలి నశించును, నిద్ర పట్టదు, బుద్ధి మందగించును. అట్టి చోటికి మూటలు చేర్చుట షేర్పాల పని. 1922వ సంవత్సరపు యాత్రలో మంచు విరిగిపడి మరణించిన ఏడుగురును మోతవారే.

1933లో టెన్సింగు పనికొఱకు పోగా అతనిని తీసికొనలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ అను ఆంగ్లేయుడు కూలీలను ఎంచునపుడు, పూర్వానుభవ పత్రమేదియు లేని ఈ యువకుడు ఆఖరున ఎన్నికయ్యెను. ఎన్నికకు కారణము అతని చిరునవ్వేయని షిప్టన్ తరువాత చెప్పెను. మరల 1936లోను, 1938లోను వెళ్లెను. 1938లో ఇరువదియేడువేల అడుగులకు పైబడి బరువు మోసినందులకు హిమాలయన్ క్లబ్బువారి పులిపతకము లభించెను. యుద్ధకాలమున వాయవ్య సరిహద్దునందలి చిత్రాలులో ఒక సైనికాధికారి కొలువున నుండగా, 1944లో భార్య మరణించెను. ఇద్దరు పసికూతుళ్లను వెంటబెట్టుకొని అతడు డార్జిలింగు చేరెను. రెండవ భార్య అంగ్ ల్హాము, యాత్రలు లేని దినములలో, పరుల యిండ్లలో ఆయాగా పనిచేసి సంసారమును ఈడ్చెను. పులిపతకము కుండలో కూడు ఉడికింపలేదు గదా!

1952లో స్విట్జర్లాండు దేశీయులతో చేసిన యాత్ర అతని జీవితమున మలుపు. వారు అతనిని మోతవానిగా గాక బృందసభ్యునిగా చేర్చుకొనిరి. అతడును రేమండ్ లాంబర్ట్ అను గైడును ఒకరి భాష ఒకరికి రాకున్నను సైగలతోడనే స్నేహితులైరి. ఒక రాత్రి పరుపుసంచులు గాని పొయ్యిగాని లేక, కొవ్వొత్తిమంటపై మంచు కరగించుకొని గొంతు తడుపుకొనుచు, ఒకరినొకరు తట్టి మేలుకొల్పుకొనుచు గడపిరి. మఱునాడు సుమారు 28,200 అడుగులవఱకు పోయిరి. అంతకుముందు మానవుడు అంత యెత్తున నిలిచినట్లు తెలియదు. అయినను ప్రాణములు దక్కించుకొనుటకై వెనుదిరిగిరి. ఇంక ఎంతదూరము పోవచ్చును, ఎచట ఆగవలెనను వివేకమే కొండయందు త్రోవ చూపువానికి ప్రథమ గుణము.

1953లో కర్నల్ జాన్ హంట్ నాయకత్వమున బ్రిటిషు బృందము బయలుదేరెను. మోతకూలీలు 362 మంది, షేర్పాలు ఇరువదిమంది, సామగ్రి దాదాపు పదివేల పౌనులు. టెన్సింగు షేర్పాలకు సర్దారు, అదిగాక శిఖరారోహకులలో నొకడు. ఆ కొండకు అది అతని యేడవ ప్రయాణము. ఒకనాడు న్యూజీలాండు దేశీయుడు ఎడ్మండ్ హిల్లరీ మంచుబీటలో జారిపడగా టెన్సింగు త్రాడు బిగబట్టి అతనిని కాపాడెను. మే 26న మొదటి జంటయైన బోర్డిలన్, ఎవన్సులు దక్షిణ శిఖరము చేరి, బడలి తిరిగివచ్చిరి. మే 28న టెన్సింగు, హిల్లరీలకొఱకు సుమారు 27,900 అడుగుల యెత్తున చివరి గుడారము వెలసెను. వారితోపాటు అక్కడికి బరువులు మోసినవారు లోవ్, గ్రెగరీ, అంగ్ న్యీమా. ఈ మూడు పేర్లను పిల్లలకు తప్పక చెప్పవలెను.

మఱునాటి తెల్లవాఱుజామున హిల్లరీ బూట్లు మంచుకు కొయ్యవలె బిగిసియుండగా వానిని పొయ్యిపై కాచి మెత్తపఱచుకొనవలసివచ్చెను. టెన్సింగు బూట్లు విప్పకయే పరుండెను. ఆఱున్నర గంటలకు బయలుదేరి, పదునొకండున్నర వేళకు శిఖరము చేరిరి. అచట నిలిచినది పావుగంట. టెన్సింగు తన మంచుగొడ్డలికి ఐక్యరాజ్యసమితి, బ్రిటను, నేపాలు, భారతదేశముల జెండాలు కట్టి యెత్తెను. మెడలో లాంబర్ట్ కానుకగా నిచ్చిన ఎఱ్ఱని మఫ్లరు ఉండెను. కొంచెము మిఠాయిని, చిన్నకూతురు నీమా యిచ్చిన పెన్సిలును మంచులో పాతి నమస్కరించెను. తాను వ్రాయ నేర్వలేదు. కూతురి పెన్సిలు మాత్రము లోకములోని అత్యున్నత స్థలమునకు చేరెను.

కొండ యెక్కుటకంటె దిగినపిదప నిలుచుటయే కష్టమయ్యెను. ఖాట్మండులో జనము అతనిని దేవునివలె ఊరేగించిరి. టెన్సింగు పైనుండి త్రాడు లాగుచుండగా హిల్లరీ చతికిలబడినట్లు బొమ్మలు గీసిరి. ముందు కాలు మోపినదెవరను ప్రశ్న దేశాభిమానముతో ముడిపడెను. ఇరువురును దాదాపు ఒక్కసారియే చేరితిమని సంయుక్త ప్రకటన చేయవలసివచ్చెను. నేపాలీయుడా భారతీయుడా యను తగవు వేఱొకటి. యాత్రకు ముందు ఖాట్మండులో తన షేర్పాలకు బ్రిటిషు దౌత్యకార్యాలయపు మోటారుశాలలో పడక చూపినపుడు వారి కోపమును చల్లార్చిన భారము అతనిపై పడినది. తరువాత గౌరవములు పంచునపుడు హంట్, హిల్లరీలకు నైట్ బిరుదములు, టెన్సింగునకు జార్జి పతకము వచ్చెను. 1959లో భారత ప్రభుత్వము పద్మభూషణముతో సత్కరించెను.

ఇట్టి వేళ అతడు కోరినచో తానే ముందని చెప్పుకొనవచ్చును. కోట్లకొలది జనము నమ్ముటకు సిద్ధముగా నుండిరి. కాని 1955లో వెలువడిన తన ఆత్మకథయందు జరిగినది జరిగినట్లు చెప్పివేసెను. ఒకే త్రాటికి కట్టుకొని ఇరువురును నడచితిమనియు, హిల్లరీ ముందు, తాను వెనుకనే చేరితిమనియు ఆ గ్రంథసారము. తన అడుగు రెండవదని చెప్పుటవలన తన విలువ తగ్గునని అతడు తలపలేదు. ముందుపోవువాని ప్రాణము వెనుకవాని చేతిలోని త్రాటిపై నున్నదను మాట ఇరువదియేండ్ల అనుభవమున అతనికి తెలిసియుండెను. శిఖరమునకంటె ఈ సత్యవాక్యమే ఉన్నతమైనదని నా నమ్మిక.

వంగరాష్ట్ర ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పూనిక చేతను, ప్రధాని నెహ్రూ ప్రోత్సాహము చేతను 1954 నవంబరు 4న డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ విద్యాలయము స్థాపితమయ్యెను. తొలుత అది రాయ్ విల్లా యను భవనమున నుండెను. 1911లో సోదరి నివేదిత కన్నుమూసినది ఆ యింటనే. మేజర్ నరేంద్రధర్ జయాల్ ప్రిన్సిపాలు కాగా, టెన్సింగు క్షేత్రశిక్షణ డైరెక్టరయ్యెను. బడి గడప త్రొక్కనివాడు నలువది యేండ్ల ప్రాయమున గురువయ్యెను! 1976వఱకు ఇరువదిరెండేండ్లు ఆ కొలువున నుండి, ముడి వేయుట, గొడ్డలితో మెట్టు చెక్కుట, ఆపదలో తోటివాని విడువకుండుట యువకులకు నేర్పెను. 1986 మే 9న డార్జిలింగులో మరణించెను. అప్పుడు ఢిల్లీలో న్యూజీలాండు హైకమిషనరుగా నుండిన హిల్లరీ అంత్యక్రియలకు వచ్చెను. నాటి త్రాడు తెగలేదన్నమాట.

ఆ విద్యాలయపు ఫలము మన తెలుగునాటికిని చేరినది. నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబమున పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ అచట శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు నెక్కిరి. పూర్ణకు నాటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఇరువురును ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు. పశువుల కాపరి కుమారుడు పాఠము ప్రారంభించిన చోట కూలిపని చేసికొనువారి బిడ్డలు ఆ పాఠమును పూర్తిచేసిరి.

టికియాపారాలో నివసించు మనకు ఈ కథ దూరపుది కాదు. హౌరానుండి బయలుదేరు బండ్లు ఈ డిపోలోనే కడుగబడి, పరీక్షింపబడి, ప్రయాణమునకు సిద్ధమగును. బండిలో సుఖముగా కూర్చుండినవారికి ఆ పని చేసిన చేతులు కనబడవు. కార్యాలయములందును అంతియే. పైయధికారి సంతకమున కడుగున ఎందరి రాత్రులు దాగియుండునో గుమాస్తాగా పనిచేసినవారికి తెలియును. తన్ను పైకి చేర్చినవారిని మఱవకుండుట, తన వంతు ఎంతయో అంతయే చెప్పుట టెన్సింగు మనకు విడిచిన పాఠము. రానున్న పూజా సెలవులలో డార్జిలింగు పోవు కుటుంబములు చాలగలవు. కాంచనగంగను చూచినపిదప విద్యాలయ ఆవరణమునందలి అతని సమాధిని దర్శించి, అచట ఒక్క నిముసము నిలిచి, అంగ్ న్యీమా వంటివారి పేర్లు సైతము పిల్లలకు చెప్పుడని ప్రార్థన.