వంగ విభజనపై పోరాడిన సురేంద్రనాథ్

సిల్హెట్‌లో పనిచేస్తున్న ఒక యువ సివిల్ సర్వీసు అధికారిని బ్రిటిష్ ప్రభుత్వం 1874లో ఉద్యోగం నుంచి తొలగించింది. ఒక కేసు రికార్డులో దొర్లిన పొరపాటును అందుకు కారణంగా చూపింది. ముప్ఫయి ఒక్క సంవత్సరాల అనంతరం వైస్రాయ్ లార్డ్ కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చినప్పుడు ప్రజలను ఒక్కతాటిపైకి తెచ్చిన నాయకులలో అగ్రగణ్యుడు ఆ బర్తరఫ్ అయిన అధికారే. ఆయన సురేంద్రనాథ్ బెనర్జీ.

సురేంద్రనాథ్ 1848 నవంబరు 10న కలకత్తాలో ఒక వైద్యుని ఇంట జన్మించారు. 1869లో లండన్‌లో ఐ.సి.ఎస్. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. వయస్సుపై వివాదం లేవదీసి తన పేరును తొలగించగా, న్యాయస్థానంలో పోరాడి ఉద్యోగం సాధించారు. బర్తరఫ్ తరువాత చేసుకున్న విజ్ఞప్తి ఫలించలేదు. బారిస్టరు వృత్తిలోనూ ప్రవేశం దొరకలేదు. 1875లో స్వదేశం చేరిన ఆయనకు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన కళాశాలలో ఆంగ్ల ఉపన్యాసకునిగా అవకాశమిచ్చారు. మరుసటి సంవత్సరమే ఆనందమోహన్ బోస్‌తో కలసి ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించారు. 1879లో 'బెంగాలీ' పత్రికను చేపట్టారు. అందులో ఒక న్యాయమూర్తిని విమర్శించినందుకు 1883లో రెండు నెలల జైలుశిక్ష అనుభవించారు. 1895లో పూనా, 1902లో అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభలకు అధ్యక్షత వహించారు.

అప్పటి బెంగాల్ రాష్ట్రంలో బీహారు, ఒరిస్సా ప్రాంతాలు కూడా కలిసి ఉండేవి. జనాభా 7 కోట్ల 80 లక్షలు. ఇంత పెద్ద రాష్ట్రాన్ని ఒకే ప్రభుత్వం పాలించడం కష్టమన్నది ప్రభుత్వ వాదన. అయితే భాషను బట్టి బీహారు, ఒరిస్సాలను వేరుచేయకుండా, బెంగాలీలనే రెండు ప్రభుత్వాల కిందికి పంచింది. ఢాకా రాజధానిగా 3 కోట్ల 10 లక్షల జనాభాతో తూర్పు బెంగాల్, అస్సాం రాష్ట్రం ఏర్పడింది. ఐక్య బెంగాల్ రాజకీయ బలాన్ని తగ్గించడం కూడా ఉద్దేశమేనని హోం కార్యదర్శి రిస్లే 1904లో రాసిన నోట్‌లు వెల్లడిస్తున్నాయి.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలు సభ విదేశీ వస్తు బహిష్కారాన్ని ఆమోదించింది. విభజన అమలులోకి వచ్చిన అక్టోబరు 16ను ప్రజలు సంతాప దినంగా పాటించారు. ఇళ్లలో పొయ్యి వెలిగించలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ సూచనపై హిందువులు, ముస్లింలు పరస్పరం రాఖీలు కట్టుకున్నారు. తీవ్ర అస్వస్థతతో ఉన్న ఆనందమోహన్ బోస్‌ను కుర్చీలో మోసుకువచ్చి ఫెడరేషన్ హాలుకు శంకుస్థాపన చేయించారు. చేనేతకు చేయూతనిచ్చేందుకు ఆనాడే నిధి సేకరణ సాగింది. 1906లో వంగలక్ష్మి బట్టల మిల్లు, జాతీయ విద్యామండలి వెలిశాయి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో బారిసాల్‌లో బారిస్టర్ అబ్దుల్ రసూల్ అధ్యక్షతన రాష్ట్ర మహాసభ తలపెట్టారు. వందేమాతరం నినాదాన్ని అక్కడి అధికారులు నిషేధించారు. ఊరేగింపుపై పోలీసులు లాఠీలు ఝళిపించారు. సురేంద్రనాథ్‌ను అరెస్టు చేసి, మేజిస్ట్రేట్ ఎదుట నిలబెట్టి జరిమానా విధించారు. ఆ వార్తతో దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనతో ఈ వేడి ఆంధ్ర జిల్లాలకూ సోకింది. రాజమండ్రిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువుకు దూరమైనది ఆ ఉద్యమంలోనే.

ఉద్యమానికి లోటుపాట్లూ లేకపోలేదు. తూర్పు బెంగాల్‌లో జమీందార్లు అధికంగా హిందువులు, రైతులు అధికంగా ముస్లింలు. ఖరీదైన స్వదేశీ వస్త్రం, దాన్నే కొనాలన్న ఒత్తిడి పేద రైతుకు భారమయ్యాయి. కొత్త రాష్ట్రంలో చదువులు, ఉద్యోగాలు దక్కుతాయని ముస్లిం మధ్యతరగతి ఆశించింది. ఢాకా నవాబు సలీముల్లా విభజనను సమర్థించారు. 1906 డిసెంబరులో ముస్లిం లీగ్ పుట్టింది ఢాకాలోనే. మరోవైపు, సభలు, విజ్ఞప్తులతో సరిపెట్టుకోలేని యువకులు రహస్య సంఘాల బాట పట్టారు. ఆ మార్గాన్ని సురేంద్రనాథ్ ఆమోదించలేదు.

విభజన మార్పులేని నిర్ణయమని బ్రిటిష్ మంత్రి మార్లే తేల్చి చెప్పినా, 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి దాని రద్దును ప్రకటించారు. బెంగాలీ జిల్లాలు మళ్లీ ఏకమయ్యాయి. అయితే అదే ప్రకటనతో రాజధాని హోదా కలకత్తా నుంచి ఢిల్లీకి తరలిపోయింది.

విజయానంతరం సురేంద్రనాథ్ ప్రాబల్యం క్రమంగా సన్నగిల్లింది. 1918లో మితవాదులతో కలసి కాంగ్రెస్‌ను వీడారు. 1921లో సర్ బిరుదు స్వీకరించి బెంగాల్‌లో స్థానిక స్వపరిపాలన మంత్రి అయ్యారు. కలకత్తా నగరపాలనను ఎన్నికైన ప్రతినిధులకు అప్పగించిన 1923 చట్టం ఆయన కృషి ఫలితమే. కాని అదే సంవత్సరం ఎన్నికలలో రాజకీయాలకు కొత్త అయిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ చేతిలో ఓడిపోయారు. లక్షలాది ప్రజలను రాజకీయాలలోకి నడిపించిన నేతను ఆ ప్రజలే దాటి ముందుకు వెళ్లారు.

1925 ఆగస్టు 6న సురేంద్రనాథ్ కన్నుమూశారు. టౌన్ హాలు సభ జరిగి ఇరవై ఏళ్లు నిండడానికి అప్పటికి ఒక్క రోజే తక్కువ. 1947లో బెంగాల్ మరోసారి చీలింది. 1905లో విభజనపై కలకత్తా అంతా కదలగా, ఈసారి రాష్ట్ర శాసనసభలోని హిందూ ప్రాంతాల సభ్యులే అధిక సంఖ్యలో విభజన కోరుతూ ఓటు వేశారు.