ఆడీ మర్ఫీ - యుద్ధం వదలని వీరుడు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున అత్యధిక పతకాలు పొందిన సైనికుల్లో ఆడీ మర్ఫీ ఒకడు. ఈ పేరు మనలో చాలామందికి కొత్త. కానీ అతని చిన్నతనం గురించి చదివితే మన హాస్టల్ మిత్రులకు ఏదో తెలిసినవాడి కథలాగే అనిపిస్తుంది.

1925 జూన్ 20న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, కింగ్‌స్టన్ దగ్గర ఒక నిరుపేద కుటుంబంలో అతడు పుట్టాడు. తల్లిదండ్రులు ఇతరుల పొలాన్ని పాలుకు చేసుకుని బతికేవారు. వాళ్ల పన్నెండు మంది పిల్లల్లో ఆడీ ఏడోవాడు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోవడంతో, ఆడీ ఐదో తరగతితో బడి మానేసి రోజుకు ఒక డాలరు కూలికి పత్తి తీయడానికి వెళ్లాడు. తుపాకీతో కుందేళ్లను, ఉడుతలను కొట్టి తెస్తేనే ఇంట్లో కూర ఉండేది. గుళ్లు కొనడానికి డబ్బు లేదు కాబట్టి గురి తప్పకూడదు. తర్వాత యుద్ధంలో అతడికి అంత పేరు తెచ్చిన గురి ఇలా ఆకలి నేర్పినదే.

1941 మే నెలలో తల్లి చనిపోయింది. ముగ్గురు చిన్న పిల్లలను అనాథాశ్రమంలో చేర్చారు. తమ్ముడినో చెల్లెలినో ఎక్కడో వదిలి వెనక్కి తిరిగి రావడం ఎలా ఉంటుందో మనలో కొందరికి ఒకరు చెప్పనక్కరలేదు. తల్లి మరణం తనను జీవితాంతం వెంటాడిందని ఆడీ తర్వాత రాసుకున్నాడు.

అదే ఏడాది డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. ఆడీ సైన్యంలో చేరడానికి వెళ్తే వయసు చాలదని, బరువు చాలదని తిప్పి పంపారు. చివరికి వయసు ఒక సంవత్సరం ఎక్కువ వేసి అక్క సంతకం చేసిన పత్రంతో 1942 జూన్‌లో చేరాడు. అప్పటికి అతని బరువు దాదాపు 51 కిలోలు. ఎత్తు ఐదున్నర అడుగులు కూడా లేదు.

1943లో సిసిలీలో, తర్వాత ఇటలీలో పోరాడాడు. (అదే ఇటలీలో కాసినో దగ్గర మన భారత సైనికులు కూడా పోరాడి ప్రాణాలు ఇచ్చారు.) 1944 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్సులో అతని ప్రాణస్నేహితుడు లాటీ టిప్టన్, లొంగిపోతున్నట్లు నటించిన జర్మన్ సైనికులను నమ్మి లేచి నిలబడి తూటాలకు బలయ్యాడు. ఆడీ ఒక్కడే ముందుకు వెళ్లి ఆ స్థావరాన్ని నాశనం చేశాడు. దానికి పెద్ద పతకం వచ్చింది. ఆ పతకం చూసినప్పుడల్లా అతడికి ఏం గుర్తొచ్చి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

1945 జనవరి 26. ఫ్రాన్సులోని హోల్ట్జ్‌విర్ అనే ఊరి దగ్గర నేలంతా మంచు. ఆరు జర్మన్ ట్యాంకులు, వాటి వెనుక కాల్బలం దాడికి వచ్చాయి. ఆడీ తన మనుషులను వెనుక ఉన్న అడవిలోకి వెళ్లమని ఆజ్ఞాపించి, తానొక్కడే ఫోను పట్టుకుని ముందు ఉండిపోయాడు. శత్రువు ఎక్కడున్నదీ దూరాన ఉన్న ఫిరంగి దళానికి చెబుతూ వచ్చాడు. పక్కనే తమ సైన్యానిదే ఒక ట్యాంకు విధ్వంసక వాహనం మంటల్లో ఉంది. అందులో ఇంధనం, మందుగుండు ఉన్నాయి. ఏ క్షణాన్నయినా పేలవచ్చు. ఆడీ దాని పైకి ఎక్కి అక్కడి మెషిన్‌గన్‌తో మూడు వైపుల నుంచి వస్తున్న శత్రువులపై కాల్పులు జరిపాడు. కాలికి గాయమైనా సుమారు గంటసేపు అలాగే నిలిచాడు. తర్వాత దిగి వచ్చి తనవాళ్లను కూడగట్టి ఎదురుదాడి చేయించాడు. అప్పటికి అతని వయసు పందొమ్మిదేళ్లు. అమెరికా అత్యున్నత సైనిక పతకం 'మెడల్ ఆఫ్ ఆనర్' ఆ ఏడాది జూన్ 2న అతడికి అందింది.

యుద్ధం ముగిసింది. లైఫ్ పత్రిక ముఖచిత్రంగా అతని ఫొటో వచ్చింది. ఊళ్లో ఊరేగింపులు జరిగాయి. చేతికి డబ్బు రాగానే అతడు చేసిన పని అక్క కుటుంబానికి ఇల్లు కొనడం, అనాథాశ్రమంలోని తోబుట్టువులను బయటికి తీసుకురావడం. నా లెక్కలో ఇది హోల్ట్జ్‌విర్ కంటే తక్కువది కాదు.

నటుడు జేమ్స్ కాగ్నీ పిలుపుతో హాలీవుడ్‌కు వెళ్లి నలభైకి పైగా సినిమాల్లో నటించాడు. తన యుద్ధానుభవాల పుస్తకం 1949లో వచ్చింది. 1955లో దాన్ని సినిమాగా తీసినప్పుడు తన పాత్ర తాను వేయడానికి ముందు ఇష్టపడలేదు. చివరికి ఒప్పుకుని, తన స్నేహితుల చావులను కెమెరా ముందు మళ్లీ చూడవలసి వచ్చింది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది.

తెర మీద కనిపించనిది రాత్రులు. ఆడీకి నిద్ర పట్టేది కాదు. పడితే పీడకలలు. తలగడ కింద గుళ్లు నింపిన పిస్తోలు ఉంటేనే పడుకునేవాడు. మొదటి భార్య వాండా హెండ్రిక్స్‌తో కాపురం రెండేళ్లకే విడిపోయింది. అతడు తనపై తుపాకీ గురిపెట్టిన సందర్భాలు ఉన్నాయని ఆమె చెప్పింది. వీరుడి కథలో ఇది రాయకుండా వదిలేయవచ్చు, కానీ ఆమె పడిన భయం కూడా ఆ యుద్ధం చేసిన గాయమే. జూదంలో చాలా డబ్బు పోగొట్టుకున్నాడు. నిద్రమాత్రలకు బానిసయ్యాడు. అది తెలుసుకున్నాక ఒక హోటల్ గదిలో వారం రోజులు తనను తాను బంధించుకుని ఆ అలవాటు వదిలించుకున్నాడు. డబ్బుకు ఎంత ఇబ్బందిగా ఉన్నా, పిల్లలు చూసి చెడిపోతారని మద్యం, సిగరెట్ల ప్రకటనల్లో మాత్రం నటించలేదు.

మన ఊళ్లలో నిద్రలో అరిచేవాడికి గాలి సోకిందంటారు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా సైనికుడు మనసు బాగాలేదని చెబితే పిరికివాడనేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని 'షెల్ షాక్' అన్నారు, రెండో యుద్ధంలో 'యుద్ధ అలసట' అన్నారు. ఈ రోజు మనం వాడే పీటీఎస్‌డీ అనే పేరు వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది 1980లోనే. అంతకు ఎంతో ముందే ఆడీ తన బాధను దాచుకోకుండా బహిరంగంగా చెప్పాడు. కొరియా, వియత్నాం యుద్ధాల నుంచి వచ్చినవారికి చికిత్స పెంచాలని, యుద్ధం మనసుపై చేసే దెబ్బను పరిశోధించాలని ప్రభుత్వాన్ని కోరాడు. అన్ని పతకాలున్న మనిషిని పిరికివాడని ఎవరనగలరు?

1971 మే 28న వర్జీనియా కొండల్లో ఒక చిన్న విమానం కూలి, అందులో ఉన్న ఆరుగురూ చనిపోయారు. వారిలో ఆడీ ఒకడు. నిండా 46 ఏళ్లు లేవు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో అతడిని ఖననం చేశారు. మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవారి సమాధి రాళ్లపై బంగారు అక్షరాలు ఉంటాయి. అతని కోరిక మేరకు అతని రాయి మాత్రం మామూలు సైనికుడి రాయిలాగే ఉంది. 1973లో శాన్ ఆంటోనియోలో మాజీ సైనికుల ఆసుపత్రికి అతని పేరు పెట్టారు.

రెండో భార్య పమేలాకు, ఇద్దరు కొడుకులకు అతడు మిగిల్చింది అప్పులే. ఆమె చిన్న ఇంటికి మారి, లాస్ ఏంజెలెస్‌లోని సెపుల్వెడా మాజీ సైనికుల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. సుమారు 35 సంవత్సరాలు అక్కడే పనిచేసి 2010లో కన్నుమూసింది. గంటల తరబడి ఎదురుచూసే పాత సైనికులను, వారి హోదా ఏదైనా, పేరుపెట్టి పలకరించి తానే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లేదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు.